ఏనుగు ముందే పిలిచి ఉంటే...

ఈసారి టపా కొంచెం పొడుగైంది. తీరిక చూసుకొని చదవండి.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకనాడు పై తరగతి పిల్లలకు గజేంద్రమోక్షం చెబుతున్నాను. పోతనగారి పద్యాలు నోటికి వస్తాయన్న ధీమా, గొంతు బాగుంటుందన్న చిన్న గర్వం ఉన్న వయస్సు. మకరి పట్టు, కరి పెనుగులాట, వెయ్యేళ్ళ పోరు, చివరికి బలం ఉడిగిన గజేంద్రుడి మొర, వైకుంఠం నుంచి విష్ణుమూర్తి పరుగు – అన్నీ వరసగా వర్ణించి, ఇక సందేహాలు అడగండర్రా అన్నాను. చివరి బల్ల మీది కుర్రవాడు లేచాడు. గొలుగొండ పక్క పల్లె నుంచి నడిచి వచ్చేవాడు. క్రైస్తవుల ఇంటి పిల్లవాడు.

"మాస్టారండీ, ఏనుగు ముందే పిలిచి ఉంటే వెయ్యేళ్ళు కొట్టుకోవలసిన పని లేదు కదండీ? మా అమ్మ అంటుందండీ, మన బలం మీద ఆనుకోకూడదు, అంతా దేవుడే చూసుకుంటాడని."

ప్రశ్న చాలా గొప్పది. నాకప్పుడు ఆ గొప్పతనం కనపడలేదు. "అయితే రేపటి నుంచి పుస్తకాలు మూసేసి ప్రార్థన చేసుకో నాయనా, పరీక్ష దేవుడే రాస్తాడు" అన్నాను. తరగతి అంతా ఘొల్లుమంది. పిల్లవాడు తల దించుకొని కూర్చున్నాడు. ఆ తరవాత ఏడాదంతా నా తరగతిలో అతను మరో ప్రశ్న అడగలేదు.

పదవీ విరమణ తరవాత దొరికిన తీరికలో, ఆనాడు చెప్పవలసిన జవాబు కోసం పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. తెలుగు నేల మీద క్రైస్తవుల చరిత్ర చదివిన కొద్దీ ఆ కుర్రవాడి ప్రశ్నే అడుగడుగునా ఎదురైంది. నేను చదివిందీ, నాకు తోచిందీ మీ ముందుంచుతున్నాను.

* * *

మొదట మన ఇంటి సంగతి. ఆత్మోన్నతిలో మనిషి వంతు ఎంత, దేవుడి వంతు ఎంత అన్న తగవు క్రైస్తవులతో మన దేశానికి వచ్చింది కాదు. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల శ్రీవైష్ణవాచార్యులు దీని మీద ఎంతో చర్చించారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరుచుకొని ఉంటుంది. తల్లి గెంతినప్పుడు పట్టు విడిస్తే పడిపోతుంది. ఇది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన చేసేదేమీ ఉండదు. తల్లే మెడ దగ్గర నోట కరుచుకొని సురక్షితమైన చోటికి చేరుస్తుంది. ఇది మార్జాలకిశోర న్యాయం. వేదాంతదేశికుల మార్గాన్ని అనుసరించే వడగలైవారు మొదటిది, పిళ్ళై లోకాచార్యులను అనుసరించే తెంగలైవారు రెండోది పట్టుకున్నారు. శరణాగతి కావాలన్నది ఇద్దరికీ సమ్మతమే. ఆ శరణు అనడం కూడా జీవుడి ప్రయత్నమేనా, లేక అదీ భగవంతుడి దయేనా అన్న దగ్గరే భేదం.

క్రైస్తవ లోకంలోనూ ఇదే జరిగింది. ఐదో శతాబ్ది ఆరంభంలో పెలేజియస్ అనే సాధకుడు, మనిషి గట్టిగా తలచుకుంటే ధర్మంగా బతకగలడని బోధించాడు. ఉత్తరాఫ్రికాలోని అగస్టీన్ ఒప్పుకోలేదు; తలచుకొనే శక్తి కూడా దేవుడి కృప వల్లనే కలగాలన్నాడు. 418లో కార్తేజి సభ పెలేజియస్ వాదాన్ని తోసిపుచ్చింది. అంతకు ఎంతో ముందే పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖ రెండో అధ్యాయంలో రెండు మాటలనూ పక్కపక్కనే పెట్టాడు: మీ రక్షణ కోసం భయభక్తులతో మీరే పాటుపడండి అన్నాడు, వెంటనే, మీలో సంకల్పాన్నీ, క్రియనూ కలిగించేది దేవుడే అన్నాడు. కోతినీ పిల్లినీ ఒకే వాక్యంలో కట్టేసిన మాట ఇది. వ్యాఖ్యాతలు ఆ ముడి విప్పుతూనే ఉన్నారు.

మనం సిద్ధాంతం వదిలి మనుషుల దగ్గరకు వెళదాం. సిద్ధాంతం బతుకులో ఎలా నిలబడిందో చూడటానికి చరిత్ర కంటే మంచి బడి లేదు.

* * *

మా ప్రాంతంతోనే మొదలుపెడతాను. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీ సంఘం తరపున విశాఖపట్నం వచ్చి స్థిరపడ్డారు. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, సువార్తల అనువాదం చేపట్టారు. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు వారికి తోడయ్యాడు. పరదేశులు ఇద్దరూ తెలుగు వ్యాకరణంతో తంటాలు పడుతుంటే, మన పండితుడు పక్కన కూర్చొని వాక్యాన్ని సరిదిద్దిన దృశ్యం తలచుకుంటే, సాటి భాషోపాధ్యాయుడిగా నాకు ముచ్చటేస్తుంది.

1809లో క్రాన్ చనిపోయాడు. 1810లో డెగ్రాంజెస్ కూడా పోయాడు. వారు పాటుపడిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. అచ్చు పుస్తకం చేత పట్టుకొనే భాగ్యం ఇద్దరికీ దక్కలేదు. తరవాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ ఆ పని అందుకున్నాడు. 1818లో కొత్త నిబంధన తెలుగులో మద్రాసులో వెలువడింది.

స్వశక్తిని నమ్ముకొన్నవాడికి ఈ కథ విషాదాంతమే. విత్తినవాడొకడు, కోసుకున్నవాడు మరొకడు. కాని పని తనది కాదు, తనను పంపినవాడిది అనుకున్నవాడికి లెక్క వేరుగా ఉంటుంది. తెలుగు బైబిలులో ఆశ అన్న అర్థంలో "నిరీక్షణ" అనే మాట వాడారు. ఎదురుచూడటం అని దానికి మనమెరిగిన అర్థం. పండితులు కొందరు ఈ వాడుకను తప్పుపడతారు. నాకు మాత్రం ఆ అనువాదకుల అనుభవమే ఆ మాటలో దిగిందని అనిపిస్తుంది. ఎదురుచూడక తప్పనివాళ్ళు ఆశకు పెట్టుకున్న పేరు అది.

* * *

ఇక మా ఉత్తరాంధ్ర సీమకే దగ్గరివాడు, నాకు ప్రీతిపాత్రుడైన కవి పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. సంస్కృతాంధ్రాలు చదివాడు. చిన్ననాటి నుంచి ముక్తిమార్గం కోసం తపించాడు. క్రైస్తవ కరపత్రాలు చదివి, ఎంతో మథనపడి 1833లో కటకంలో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. కులం, బంధువర్గం, పరువు అన్నీ పణం పెట్టి తీసుకున్న నిర్ణయం అది. తరవాత బోధకుడిగా ఊరూరూ తిరిగాడు. వందకు పైగా కీర్తనలు రచించాడు. ఈనాటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే రాగతాళాలతో సహా ఆయన కీర్తనలు కనపడతాయి. ఏ పల్లెలో ఆదివారం ఉదయం నిలబడినా వినపడతాయి.

ఈ కీర్తనల్లో ఒక కవితా లక్షణం నన్ను ఆపింది. పల్లవి, అనుపల్లవి, చరణాలు – సంప్రదాయం మనదే. యతిప్రాసల మీద మక్కువా మనదే. వస్తువు మాత్రం పదే పదే ఒక్క చోటికే వస్తుంది: నాలో అర్హత లేదు, నీ దయే దిక్కు. వేదం చదివిన కులంలో పుట్టి, శాస్త్రం తెలిసి, ఛందస్సు చేతిలో ఉన్నవాడు ఈ మాట అనడం తేలిక కాదు. మనలాంటి చదువరులకు వదలడానికి కష్టమైన ఆస్తి ఏదంటే, మనకు తెలుసునన్న భావన. డబ్బు వదిలినవాళ్ళు కూడా దాన్ని వదలరు. చౌదరి దాన్ని దేవుడి ముందు దించేసి, చేతిలోని పద్యవిద్యను మాత్రం దించలేదు. తనకు అర్హత లేదన్నవాడు తొంభయ్యేళ్ళకు దగ్గరపడే దాకా బతికి, తెలుగు క్రైస్తవులకు ఒక గానసంపదను కట్టి ఇచ్చాడు. ఇక్కడే నా జవాబు మొదటి ముక్క దొరికింది. దేవుడి మీద ఆనుకోవడమంటే చేతులు ముడుచుకోవడం అయితే, ఆ కీర్తనల్లో ఒక్కటీ పుట్టేది కాదు.

* * *

ఉత్తరాంధ్ర నుంచి గోదావరి దిగువకు వెళదాం. అక్కడ ఈ సూత్రం పాటగా కాక, పూటకూటి సమస్యగా మారింది.

ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ (1795–1853) అనే దంతవైద్యుడు ఉండేవాడు. బాగా సంపాదించేవాడు. క్రీస్తు తన శిష్యులతో ఆస్తుల గురించి అన్న మాటలను అక్షరాలా పాటించాలని 1825లో ఒక చిన్న పుస్తకం వేశాడు. రాసి ఊరుకోలేదు, వృత్తి వదిలి, 1829లో భార్యాబిడ్డలతో బాగ్దాదుకు బయలుదేరాడు. 1831లో అక్కడ ప్లేగు వచ్చి భార్య చనిపోయింది. 1833లో మన దేశం వచ్చి చూశాడు. వెనక్కు వెళ్ళి, 1836లో కొందరిని వెంటబెట్టుకొని మళ్ళీ మద్రాసు చేరాడు. ఆ బృందంలో బార్న్‌స్టేపుల్ ఊరి నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు ఉన్నారు. ఈ ఇద్దరూ గొప్ప చదువుల వాళ్ళు కారు. చేతిపని చేసుకొని బతికిన సామాన్యులు.

వీరి నియమం విచిత్రమైనది. వెనక ఏ సంఘమూ లేదు, జీతం లేదు. చందా అడగరాదు, అప్పు చేయరాదు. అవసరం దేవుడికి మాత్రమే విన్నవించుకోవాలి. గ్రోవ్స్ బావమరిది జార్జి ముల్లర్ అదే 1836లో బ్రిస్టల్‌లో అనాథ శరణాలయాన్ని ఇదే నియమం మీద మొదలుపెట్టాడు. బౌడెన్, బీర్ కుటుంబాలు గోదావరి సముద్రంలో కలిసే నరసాపురం సీమకు చేరి అక్కడే నిలిచిపోయాయి. పక్కన పాలకొల్లు. డొక్కల కరువు నాటి (1832–33) చావులు ఇంకా జనం మరిచిపోని కాలం. అటువంటి చోట, జీతం లేని దొరలు తెలుగు నేర్చుకొని, సంతల్లో, తీర్థాల్లో నిలబడి మాట్లాడుతూ ఏళ్ళ తరబడి గడిపారు. 1847లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాక, వేలాదిగా చేరిన కూలీల మధ్య కూడా బోధించారు. వారు నాటిన పని గోదావరి డెల్టా మిషన్ అన్న పేరుతో నిలిచింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. దేవుడు పంపిన సహాయం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇంగ్లండు నుంచి స్నేహితుల ఉత్తరాలతో వచ్చింది, ఇక్కడి సానుభూతిపరుల చేతుల మీదుగా వచ్చింది. అదీగాక, కంపెనీ పాలనలో తెల్లవాడు ఎంత పేదవాడైనా, మాల మాదిగ పల్లెల్లోని కూలివాడిలాగా దిక్కులేనివాడు కాడు. వాళ్ళ విశ్వాసాన్ని నేను తక్కువ చేయడం లేదు. కృప వచ్చే దారి మనుషుల గుమ్మాల గుండానే వస్తుందన్నది మాత్రం మరిచిపోకూడదంటాను.

గ్రోవ్స్ కథలో మరో మలుపు ఉంది. చిత్తూరులో స్థిరపడి, పని తన ఖర్చు తానే సంపాదించుకోవాలన్న ఆలోచనతో వ్యవసాయం, పట్టుపురుగుల పెంపకం పెట్టించాడు. పౌలు గుడారాలు కుట్టి బతికాడు కదా, అదే ఆదర్శం. అది కలిసి రాలేదు; నష్టాలు వచ్చాయి, అప్పు చుట్టుకుంది. దేవుడి మీద ఆధారపడటం గురించి లోకానికి పుస్తకం రాసిన మనిషి అప్పుల లెక్కలతో కుమిలాడు. 1853లో బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట్లోనే కన్నుమూశాడు. చాలామంది ఈ భాగాన్ని దాటవేస్తారు. నాకు మాత్రం ఈ భాగం చదివాకే గ్రోవ్స్ మనిషిగా దగ్గరయ్యాడు. ఆనుకోవడం ఒకనాడు నేర్చుకొని దాచుకొనే విద్య కాదు. నేర్పినవాడు కూడా మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది.

* * *

ఇంకా దక్షిణానికి, ఒంగోలు నెల్లూరు సీమకు రండి. ఈ చరిత్రకంతకూ గుండెకాయ లాంటి కథ అక్కడ ఉంది.

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో పని పెట్టారు. ఏళ్ళు గడిచినా ఫలితం వేళ్ళ మీద లెక్కించేటంతే. మూసేద్దామా అన్న చర్చ ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఆ చర్చ జరిగినప్పుడు, పటంలో ఒంటరి చుక్కలా ఉన్న ఈ స్థావరానికి "ఒంటరి నక్షత్రం" అన్న పేరు స్థిరపడింది. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు కలిసి ఒంగోలులోని కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఐదుగురంటే ఐదుగురు. మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. నిరీక్షణ అన్న మాట మళ్ళీ గుర్తు తెచ్చుకోండి.

ఆ 1866లోనే ఒంగోలు దొర దగ్గరకు ఎర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. కనిగిరి వైపు తాళ్ళకొండపాడు అతని ఊరు. మాదిగవాడు, తోళ్ళ వ్యాపారి. అతని కథను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో, చెప్పులు కుట్టేవారి నోటి కథలను కూర్చి వేసిన ఇంగ్లీషు పుస్తకంలో రాసింది. పేరయ్య అజ్ఞాని కాడు. బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర యోగం నేర్చుకున్నాడు. గంటల తరబడి ఆసనం వేసి, ఊపిరి బిగబట్టి, లోపలి వెలుగు కోసం వెతికాడు. తానే గురువై శిష్యులను కూడా చేర్చుకున్నాడు. అంత సాధన చేసినా మనస్సుకు శాంతి కలగలేదు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి బోధ విన్నాడు. ఒంగోలుకు కూడా ఒక దొర వస్తాడని అక్కడే తెలిసింది. వెతుక్కుంటూ వచ్చాడు, బాప్తిస్మం పుచ్చుకున్నాడు. మరుసటి ఏడాది ఆరంభంలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి, పేరయ్య బోధించిన జనం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి కూర్చొని ఉన్నారు.

పేరయ్యను పురుషోత్తమ చౌదరి పక్కన నిలబెట్టి చూడండి. ఇద్దరూ సాధకులే. ఇద్దరూ తమ సాధన చాలదని తేల్చుకొని, కృప మీద ఆనుకున్నవారే. కాని "నీ అర్హత వల్ల కాదు" అన్న ఒక్క మాట ఇద్దరికీ ఒకే అర్థం ఇవ్వలేదు. చౌదరికి అది తల వంచిన మాట. పుట్టుకతో వచ్చిన పెద్దరికం, చదువుతో వచ్చిన పెద్దరికం రెండూ దేవుడి ముందు చెల్లవని చెప్పింది. పేరయ్యకు అది తల ఎత్తించిన మాట. నీకు గుడి లేదు, బావి లేదు, అర్హత లేదు అని తరతరాలుగా వింటున్న మనిషికి, అర్హత అన్నది ఎవరికీ లేదు, కరణానికీ లేదు, రెడ్డికీ లేదు, దొరకూ లేదు అని చెబితే ఎలా ఉంటుంది? అందరూ ఒకే నేల మీద నిలబడ్డట్టు ఉంటుంది. ఎక్కువవాడికి వినయంగా అందింది తక్కువ చేయబడ్డవాడికి గౌరవంగా అందింది. మిత్రులారా, మొత్తం ఈ చదువులో నాకు దొరికిన ముఖ్యమైన సంగతి ఇదే.

తరవాత ధాత కరువు వచ్చింది (1876–78). జనం రాలిపోయారు. క్లౌకు సర్వే విద్య తెలుసు. ప్రార్థనతో పాటు ఆ విద్యనూ వాడాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం ప్రభుత్వం నుంచి కాంట్రాక్టుకు తీసుకొని, కరువు బాధితులకు కూలి ఇప్పించాడు. తెలుగు బోధకులే మేస్త్రీలై పని చూశారు. విరామంలో కూలీల పక్కన కూర్చొని మాట్లాడారు. జనం గుంపులుగా బాప్తిస్మం అడిగారు. అతను ఇవ్వలేదు. అన్నం కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆపేశాడు. కూలి డబ్బులు అయిపోయి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

అంకె పెద్దదే. నన్ను ఆకట్టుకున్నది అంకె కాదు, అంతకు ముందు ఆపడం. మనిషి తన బలం మీద పని చేస్తే, చేతికందిన పంటను కోయకుండా ఆగలేడు. ఫలితం నాది కాదన్నవాడే ఆగగలడు. కాలువ తవ్వించడం, బాప్తిస్మం ఆపడం రెండూ ఒకే నమ్మకం నుంచి వచ్చాయి: పని నాది, ఫలం నాది కాదు. గీత చదివినవారికి ఈ మాట కొత్తగా ఉండదు.

* * *

ఇరవయ్యో శతాబ్దిలో ఈ దారిన నడిచినవారిలో భక్తసింగ్ (1903–2000) గారిని తలచుకోకుండా ఉండలేం. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, చివరికి హైదరాబాదునే ఇల్లు చేసుకున్నారు. మా గొలుగొండ పేరును గుర్తుచేసే గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను ఆయన స్థానం. జీతాలు లేవు, చందాల విజ్ఞప్తులు లేవు. ఏటేటా జరిగే పరిశుద్ధ సమావేశాల్లో వేలాది మంది రోజుల తరబడి వరసల్లో కూర్చొని భోంచేసేవారు. ఆంధ్రదేశంలో ఎన్నో ఊళ్ళలో ఆయన ప్రభావంతో సంఘాలు ఏర్పడ్డాయి.

ఈ మార్గానికి ఒక ప్రమాదమూ ఉంది. దేవుడే చూసుకుంటాడన్న మాట చాటున బద్ధకం దాక్కోగలదు. జబ్బు చేసిన బిడ్డకు మందు మానేయడం దాక్కోగలదు. దేవుడి మీద ఆధారపడండని పేదలకు చెబుతూ, తాను మాత్రం పేదల కానుకల మీద భోగంగా ఆధారపడే బోధకుడూ దాక్కోగలడు. ఇది క్రైస్తవులకే పరిమితమైన జబ్బు కాదు. అన్ని మఠాల్లోనూ చూశాం. ఎలా గుర్తుపట్టాలి? పైన చెప్పినవారి బతుకులే గీటురాయి. చౌదరి పరువు వదులుకున్నాడు, బౌడెన్ జీతం వదులుకున్నాడు, క్లౌ అంకె వదులుకున్నాడు. ఆనుకున్నవాడు ఏదో ఒకటి వదులుతాడు. ఏమీ వదలకుండా ఆనుకున్నానన్నవాడి మాట కొంచెం ఆలోచించి నమ్మాలి.

యోహాను సువార్త పదిహేనో అధ్యాయంలో ద్రాక్షతీగె ఉపమానం ఉంది. కొమ్మ తనంతట తాను కాయదు, తీగెను అంటిపెట్టుకొని ఉంటేనే కాస్తుంది. మా వైపు ద్రాక్ష లేదు, ఆనపపాదు ఉంది. పాదు నుంచి తెగిన కొమ్మ ఎంత పట్టుదలగా ఉన్నా రెండోరోజుకు వాడిపోతుంది. అలాగని అంటిపెట్టుకున్న కొమ్మ ఊరుకుంటుందా? పాకుతుంది, పందిరి పట్టుకుంటుంది, ఆకు వేస్తుంది, పూత పూస్తుంది. తోటలో ఎక్కువ పని చేసేది అదే. కాకపోతే రసం తనది కాదు.

* * *

కొన్నేళ్ళ కిందట నర్సీపట్నం సంతలో ఆ కుర్రవాడి తల్లి కనపడింది. ముందు ఆమే గుర్తుపట్టింది. చీకటితో లేచి, కూరగాయల బుట్ట నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చిందట. అబ్బాయి ఎలా ఉన్నాడమ్మా అంటే, చదువుకొని చిన్న ఉద్యోగంలో కుదురుకున్నాడని చెప్పింది. "అంతా నీ కష్టమేనమ్మా" అన్నాను.

"నాదేటుందండి బాబూ, అంతా ఆ పెబువు దయే" అంటూ బుట్ట సర్దుకుంది. తక్కెడ తీసి మరో బేరం చూసుకుంది.

ఆమె అరచేతులు చూశాను. ఆ చేతులు ఊరకే ఉన్న చేతులు కావు. నేను ఆనాడు తరగతిలో వేళాకోళం చేసిన మాట, ఈమె రోజూ తలమీద బుట్టతో పాటు మోసిన మాట. అన్నీ తానే చేసి, తనదేమీ లేదనడం ఆమెకు సిద్ధాంతం కాదు. అలవాటైన ఊపిరి. నేను నా పద్యాలు నావనుకున్నాను, నా గొంతు నాదనుకున్నాను. పిల్లవాడి ఒక్క ప్రశ్నకు తట్టుకోలేకపోయాను.

నాయనా, ఈ టపా నీ కంట పడుతుందో లేదో తెలియదు. ఆలస్యమైనా నీ ప్రశ్నకు జవాబు చెబుతున్నాను. ఏనుగు ముందే పిలిచి ఉండవచ్చు. పిలవడానికి ముందు తన బలం తనది కాదని తెలియాలి. గుంపుకు రాజైన ఏనుగుకు అది తెలియడానికి వెయ్యేళ్ళు పట్టింది. మీ అమ్మకు అంత కాలం పట్టలేదు. మీ మాస్టారికి మాత్రం ఉద్యోగకాలం మొత్తం పట్టింది. ఆనాడు నిన్ను చూసి నవ్వించినందుకు మన్నించు.